నెలనెలా జలుబు చేసే పిల్లాడు, జ్వరమే రాని తాతగారు: ఇమ్యూనిటీ ఎవరికి తగ్గినట్టు?

ఐదేళ్ల బాబుకి నెలనెలా జలుబు చేస్తోంది, డయాలసిస్‌లో ఉన్న మీ నాన్నగారికి ఏడాదిగా జ్వరమన్నదే లేదు. బాబుకి ఇమ్యూనిటీ తక్కువేమో, ఇద్దరికీ తిప్పతీగ కషాయం పట్టించొచ్చా అని సోంపేట నుంచి అడిగారు. నన్నడిగితే మీరు ఎక్కువ కనిపెట్టుకుని ఉండాల్సింది నాన్నగారిని.

బడికెళ్లే వయసులో ఏడాదికి ఆరు, ఎనిమిది జలుబులు మామూలే. జలుబు చేయించే వైరస్‌లు చాలా రకాలు. కొత్తది వచ్చినప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ దాన్ని ఎదుర్కోవడం నేర్చుకుంటోంది. వారం పది రోజుల్లో తగ్గి, బరువు పెరుగుతుంటే బెంగ అక్కర్లేదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చినా, నోట్లో తెల్లపూత మానకపోయినా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

నాన్నగారి సంగతి వేరు. జ్వరమంటే క్రిమితో పోరాడే కణాలు పంపే సంకేతాలకి మెదడు పెంచే వేడి. కిడ్నీలు వడకట్టని మలినాలు రక్తంలో నిలిచిపోతే తెల్లకణాల పనితనం తగ్గుతుంది. రిపోర్టులో తెల్లకణాలు 4,000–11,000 మధ్యే ఉన్నాయని ధీమా పడొద్దు: లెక్క సరిపోయినా పని సరిగా జరగకపోవచ్చు. పైగా వీళ్ల ఒంటి వేడి మామూలుగానే కాస్త తక్కువ. అందుకే లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నా థర్మామీటర్ 100.4 చూపించకపోవచ్చు.

కాబట్టి ఓ వారం రోజులు రోజూ ఒకే వేళకి వేడి చూసి రాసుకోండి. ఆ మామూలు అంకె మీద ఒక డిగ్రీ పెరిగినా, చలి వణుకు వచ్చినా, కారణం లేకుండా నీరసపడి మాట తడబడినా అదే రోజు డయాలసిస్ యూనిట్‌కి చెప్పండి. మెడ దగ్గర క్యాథెటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉంటే మరీ జాగ్రత్త. మెషిన్ మీద ఉండగా వణుకు వస్తే "ఏసీ చలి" అని దుప్పటి కప్పి ఊరుకోకండి, వెంటనే సిస్టర్‌ని పిలవండి. యాంటీబయాటిక్ మొదలెట్టే ముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలో క్రిమి ఉందేమో చూసే పరీక్షకి, రక్తం తియ్యాలి. క్యాథెటర్ కట్టు తడవకూడదు, విప్పేటప్పుడు నాన్నగారూ, సిస్టరూ ఇద్దరూ మాస్క్ పెట్టుకోవాలి.

హెపటైటిస్ బి టీకా వేశారేమో అడగండి. డయాలసిస్ వాళ్లకి మామూలుకి రెట్టింపు, అంటే సాధారణంగా 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో వేస్తారు. ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీబాడీ పరీక్ష చేయించాలి. చాలామంది వదిలేసేది ఇదే. అందులో 10 (mIU/mL) కన్నా తక్కువొస్తే టీకా పట్టలేదన్నమాట, మళ్లీ వెయ్యాలి.

తిప్పతీగ ఇద్దరికీ వద్దు, దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. మీ సోంపేట ఉన్న ఉద్దానంలో కొబ్బరి బోండం ఇంటి ముందే దొరుకుతుంది గానీ, అందులోని పొటాషియం నాన్నగారి గుండె లయ తప్పించగలదు.

బాబుకి జలుబున్న రోజుల్లో తాతగారి మంచం మీద పడుకోనివ్వకండి. ఫ్లూ టీకా ఏటా నాన్నగారితో పాటు ఇంట్లో అందరూ వేయించుకోండి.