పదకొండు జర్మన్ మాటలు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. జర్మనీలో, మీ లైప్‌జిగ్‌లో చలి ముదిరిందని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం రెండుసార్లు చదివాను. మీ ఇంటి యజమానురాలు భోజనానికి పిలిచిన సాయంత్రాన్ని కళ్లకు కట్టించావు. కానీ ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పత్రిక డెస్కులో పనిచేసిన చెయ్యి ఊరుకోదు కదా, ఎర్ర కలం పట్టుకుని లెక్కపెట్టాను. మూడు పేజీల్లో పదకొండు జర్మన్ మాటలు. వాటిలో పది తీసెయ్యి.

కోపం తెచ్చుకోకు. ఈ జబ్బు నాకూ ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఇంట్లో భోజనం. నా పక్కన ఒక గనుల ఇంజనీరు. "ఒకసారి భూమి లోపల మేము..." అని ఆయన మొదలుపెట్టారు. గని అనే మాట చెవిన పడగానే ఆ వారమే చదివిన సంగతి నాకు గుర్తుకొచ్చింది. ఇక నన్నెవరు ఆపుతారు! జర్మనీలోని శాక్సనీ గని కార్మికులకు వెండిని తలపించే ఒక ఖనిజం దొరికేదని, కరిగిస్తే వెండి రాకపోగా విషపు పొగ వచ్చేదని, అది గనిలో తిరిగే కోబోల్డ్ అనే కొంటె భూతం పనేనని వాళ్లు తిట్టుకునేవారని, ఆ భూతమే ఇంగ్లీషులో కోబాల్ట్‌గా స్థిరపడిందని చెప్పుకుపోయాను. అంతటితో వదిలానా? రాగిలా కనిపించి రాగి ఇవ్వని మరో ఖనిజం పేరు కుప్ఫర్‌నికెల్. అందులో కుప్ఫర్ అంటే రాగి, నికెల్ కూడా భూతమే. 1751లో స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ దానిలోంచి కొత్త లోహాన్ని తీశాడు. ఆ పేరులోని రాగి పోయింది, లోహానికి భూతం మిగిలింది. నేను ముగించేసరికి ఇంజనీరు గారు పెరుగన్నం తినేసి, "బాగా చదువుకున్నావు బాబూ" అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. భూమి లోపల ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

కొన్ని జర్మన్ మాటలు ఇంగ్లీషులోకి పనిమీద వచ్చాయి. క్వార్ట్జ్, జింక్ వంటివి గని పనివాళ్లవి. కిండర్‌గార్టెన్ ఒక బడితో పాటు వచ్చింది. 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త పెట్టిన పేరు అది. 1856లో మార్గరెటె షుర్ట్స్ అమెరికాలోని వాటర్‌టౌన్‌లో అలాంటి బడి తెరిచారు. మన ఎల్‌కేజీ, యూకేజీల్లో ఉన్న 'కే' అదే. మనవణ్ణి బడిలో దింపి వచ్చే బామ్మ కూడా రోజూ జర్మన్ మాట్లాడుతోందన్నమాట! ఇలాంటి మాటలు పెద్దక్షరం వదిలేసి ఇంగ్లీషులో కలిసిపోయాయి. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ పెద్దక్షరం ఉంటుందని నీకు తెలుసు. నీ వ్యాసంలో చాలా మాటలు పెద్దక్షరంతో, వాలు అచ్చులో ఉన్నాయి. కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చున్నాయి. పాఠకుడు కథ వదిలేసి వాటికి మర్యాదలు చేయాలి.

ఇంకో చిక్కు. అరువు వచ్చిన మాట పుట్టింట్లో ఉన్నట్టు ఉండదు. 'ఆంగ్స్ట్' అని నువ్వు ఒక పేరా నిండా నిట్టూర్చావు. ఇంగ్లీషులో దానికి బతుకు మీద బెంగ అన్నంత బరువుంది. మీ యజమానురాలికి మాత్రం కుక్కను చూసినా, పరీక్ష ముందైనా కలిగే మామూలు భయమే ఆంగ్స్ట్. ఎదుటివాడి కష్టం చూసి పడే సంతోషానికి జర్మన్లు వాడే 'షాడెన్‌ఫ్రాయిడ'కు వేరే భాషల్లో మాటే లేదని బల్ల దగ్గర అన్నావట. ఇలాంటి తీర్పులు అన్నం ముందు ఇవ్వకు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట" అనే మన సామెతలోని మనిషికి ఎదుటివాడి కష్టం చూసి సంతోషం కూడా లేదు, నిప్పు కావాలంతే. ఆ తేడా మీద వ్యాసం రాసుకోవచ్చు. భోజనం పాడు చేసుకోనక్కర్లేదు.

బల్ల దగ్గర వాళ్ల మాటల గొప్ప వాళ్లకే చెప్పకు. మొబైల్‌ను 'హ్యాండీ' అని ఎందుకంటారో అడుగు. ఇంగ్లీషులా వినిపించే ఆ పేరు ఇంగ్లీషువాళ్లకే తెలియదు. తమ భాష వేసే తప్పటడుగుల గురించి ఎవరైనా హుషారుగా చెబుతారు. నోటుబుక్కు మాత్రం బయటికి తీయకు, తీస్తే మనుషులు ఉపన్యాసంలోకి దిగుతారు. నేను ఇంటికి వెళ్లే సిటీ బస్సులో టికెట్టు వెనక రాసుకునేవాణ్ణి. ఎవరు ఏ మాట వాడారన్నది కాదు, ఏ వాక్యం దగ్గర గొంతు తగ్గించారన్నది.

ఇక ఉంచవలసిన ఆ పదకొండో మాట. రెండో పేజీ అడుగున, యుద్ధకాలంలో తన తల్లి ఓక్ కాయలు వేయించి కాఫీ కాచేదని మీ యజమానురాలు చెప్పినట్టు ఒక్క వాక్యం ఉంది. దాన్ని 'ఎర్జాట్స్' అన్నావు. జర్మన్‌లో అది ప్రత్యామ్నాయం అనే మామూలు మాట, యంత్రానికి వేసే విడిభాగం పేరులో కూడా ఆ మాటే ఉంటుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి అందులో నాసిరకం అనే చేదు చేరింది. ఆ కాఫీకి ఈ మాటే కావాలి. అయినా నువ్వు దాన్ని దాటేసి 'ట్సైట్‌గైస్ట్' మీదికి, అంటే కాలపు ధోరణి మీదికి వెళ్లిపోయావు.

వచ్చే ఆదివారం ఆవిడ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఆ కాయలు ఎవరు ఏరుకొచ్చేవారు? పెంకు దేనితో కొట్టేవారు? ఆ కాఫీని పిల్లలకు కూడా పోసేవారా? జవాబులు నాకు రాసి పంపు.

మామయ్య