కోనసీమలో కారుకి అండర్ కోటింగ్ అవసరమా? నా అనుభవం

మీరు రాజోలులో కొత్త కారు కొన్నారు, సర్వీస్ సెంటర్ వాళ్లు అడుగున అండర్ కోటింగ్, అంటే రేకు తుప్పు పట్టకుండా పూసే పూత, చేయించుకోమంటున్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యగారేమో "ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి మేం చేయిస్తాం, మీకు మంచే పడదు, దండగ" అన్నారు. అక్కడి సంగతి ఆయన సరిగ్గానే చెప్పారు. మన సంగతి దగ్గరే తేడా ఉంది.

మాది సఖినేటిపల్లి వైపు. 2010లో కొన్న నా పాత కారు సగం జీవితం రొయ్యల చెరువుల గట్ల మీద, మిగతా సగం అంతర్వేది రోడ్డు మీద గడిచింది. రెండో ఏడే అడుగున నల్లటి తారు కోటింగ్ కొట్టించి, ఇక అటు చూడక్కర్లేదనుకున్నాను. ఎనిమిదో ఏడు, నరసాపురం వెళ్లడానికి పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కుదామని రేవు దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందికి పోయింది. బ్రేకు లైన్లు రెండు వేరుగా ఉంటాయి కాబట్టి సగమైనా పట్టింది, హ్యాండ్ బ్రేకు కూడా లాగితే ఆగింది. ఎదురుగా గోదావరి, పక్కన మా ఆవిడ. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

మెకానిక్ కారు పైకి లేపి చూపించాడు. వెనక చక్రానికి వెళ్లే బ్రేకు పైపు తుప్పుకి చిల్లు పడింది. పక్కనే కోటింగ్ నున్నగా నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చు లేచి, దాని కింద రేకు అప్పడంలా విరిగింది. ఎక్కడో సన్నటి బీట పడి ఉప్పు నీరు లోపలికి దిగింది, బయటికి రావడానికి దారి లేదు. తుప్పు ఆగకపోగా నాకు కనపడకుండా పెరిగింది.

అమెరికాలో మంచు గడ్డకట్టకుండా ఉప్పు వేస్తారు. సున్నాకి తొమ్మిది, పది డిగ్రీల దిగువ దాకా మామూలు ఉప్పు పనిచేస్తుంది, చలి ఇంకా ముదిరితే కాల్షియం క్లోరైడ్ లాంటివి వాడతారు. అవి తేమను లాక్కుని రేకుని పట్టుకు వదలవు. మనకి అంత ఉప్పు తగలదు, నిజమే. కానీ గడ్డకట్టే చలిలో తుప్పు మెల్లగా నడుస్తుంది, వెచ్చదనంలో పరిగెడుతుంది, మన దగ్గర చలికాలమూ వెచ్చనే. పైగా గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరుకారుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూసే ఉంటారుగా, కారు కింద ఒండ్రులో ఇరుక్కున్న ఉప్పుదీ అదే పని.

ఆ ఉప్పు ఎక్కడిదంటే సముద్రపు గాలి కొంత, చౌడు మట్టి కొంత, ముందు వెళ్లే రొయ్యల లారీ నుంచి కారే నీళ్లు కొంత. వీటికి తోడు నేను చేతులారా పోసింది ఒకటుంది. ప్రతి ఆదివారం ఇంటి బోరు నీళ్లతోనే కారు కడిగేవాణ్ణి. మా బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం, అంత ఉప్పన. శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఏళ్ల తరబడి ఉప్పు నీళ్లు కొట్టానన్నమాట! మీ బోరు తియ్యనిదైతే అదృష్టవంతులు. కాకపోతే ముందు బోరు నీళ్లతో బురద వదలగొట్టినా, చివరన మంచినీళ్లు రెండు బకెట్లు అడుగున కొట్టండి. కాలువలు కట్టేసే వేసవిలో నీళ్లకి కటకటే, అప్పుడు చక్రాల గూళ్ల వరకు కడిగినా చాలు. తాగే కాలువ రేవులోకి మాత్రం కారు దింపకండి, ఊరు తిడుతుంది, తిట్టాలి కూడా.

గోదావరి వరద నీళ్లలో దిగినందుకు కంగారుపడకండి, అది తీపి నీరు. అది వదిలివెళ్లే ఒండ్రే సమస్య. చక్రాల గూళ్లలో గట్టిపడి నెలల తరబడి తేమ పట్టి ఉంచుతుంది. అదే వారంలో కడిగించి, వెనక బ్రేకు డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించండి. సముద్రపు పోటు నీళ్లో, చెరువు నీళ్లో అయితే ఆ రోజే కడగాలి.

ఇక కోటింగ్ మాట. మీ కారు కొత్తది, అడుగు శుభ్రంగా ఉంది, చేయించుకోవచ్చు, తప్పు లేదు. కాని ఎండిపోయి బీటలిచ్చే తారు రకం వద్దు. మైనం లాగానో గ్రీజు లాగానో మెత్తగా ఉండిపోయే రకం అడగండి, దాన్ని ఏటా, రెండేళ్లకోసారి మళ్లీ కొట్టించుకోవాలి. వానలు మొదలయ్యే ముందు చేయించడం మేలు. కొట్టేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. తలుపుల అడుగున, గడప పట్టీల (తలుపు తీస్తే కాలి దగ్గర కనిపించే అంచు) కింద నీరు కారిపోయే చిన్న చిల్లులుంటాయి. తొందరలో వాటిని పూసేస్తే లోపల చేరిన నీరు అక్కడే నిలుస్తుంది. బ్రేకు డిస్కుల మీద, సైలెన్సర్ మీద చుక్క పడకూడదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయమని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి, వాకిట్లో మట్టీ పాడవుతుంది, వినకండి.

ఇప్పటి కారుకి నేను ఆరునెలలకోసారి లిఫ్ట్ ఎక్కించి, టార్చి పట్టుకుని బ్రేకు పైపులు నేనే చూసుకుంటున్నాను. పదినిమిషాల పని. పంటు రేవు దగ్గర మాత్రం మా ఆవిడ ఇప్పటికీ ముందే దిగి నడుచుకుంటూ వస్తుంది.