ఓపెన్‌కనెక్ట్ కనెక్ట్ అయినా ఆఫీసు సర్వర్లు పేరుతో తెరుచుకోకపోతే ఏం చూడాలి?

లినక్స్‌లో ఓపెన్‌కనెక్ట్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ క్లయింట్) మీ పాస్‌వర్డ్, ఓటీపీ తీసుకొని కనెక్ట్ అయినట్టే చూపిస్తోందనీ, బయటి సైట్లు తెరుచుకుంటున్నా ఆఫీసు లోపలి సర్వర్లు మాత్రం పేరుతో దొరకడం లేదనీ రాశారు. దీన్నిబట్టి లోపం లాగిన్‌లో కాక, సర్వర్ పేర్లకు ఐపీ అడ్రస్‌లు వెతికిపెట్టే డీఎన్‌ఎస్‌లో ఉందని నాకనిపిస్తోంది. చాలాకాలంగా ఈ క్లయింట్‌తోనే ఆఫీసు పని చేస్తున్నాను కనుక ఈ చిక్కు నాకు బాగా పరిచయం.

ఓపెన్‌కనెక్ట్ గేట్‌వేతో (ఆఫీసు వైపు వీపీఎన్ సర్వర్‌తో) మాట్లాడి టనెల్, అంటే ఆఫీసుకు చేరే సురక్షిత మార్గం మాత్రమే తెరుస్తుంది. ఐపీ అడ్రస్, రూట్లు (ఏ అడ్రస్‌కు ఏ దారిన వెళ్లాలో చెప్పే నియమాలు), డీఎన్‌ఎస్ అమర్చే పనిని వీపీఎన్‌సీ-స్క్రిప్ట్ అనే వేరే స్క్రిప్ట్‌కు అప్పగిస్తుంది. అందుకే కనెక్ట్ అయిందన్న సందేశాన్ని నేను సగం పనికి సూచనగానే తీసుకుంటాను. ముందుగా ఏదైనా లోపలి సర్వర్ ఐపీ తెలుసుకొని, ‘ఐపీ రూట్ గెట్’ ఆదేశానికి ఆ ఐపీ ఇచ్చి చూడండి. జవాబులో టన్0 (టనెల్ ఇంటర్‌ఫేస్‌కు సాధారణంగా ఉండే పేరు) కనిపిస్తే రూటు సరిగానే ఉన్నట్టు. దాని బదులు వైఫై ఇంటర్‌ఫేస్ కనిపిస్తే, ఆఫీసు వాడే అడ్రస్‌ల శ్రేణి, మీ రౌటర్ ఇచ్చే 192.168.1 శ్రేణి ఒకటే కావడం ఒక కారణం కావచ్చు. అప్పుడు రౌటర్‌లో శ్రేణి మార్చడమే సులువు.

రూటు బాగుంటే ‘రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ నడిపి, టన్0 కింద డీఎన్‌ఎస్ సర్వర్లు ఉన్నాయో లేదో చూడండి. డీఎన్‌ఎస్ ప్రశ్నలను చూసుకునే సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ సేవ ఉన్న యంత్రాల్లో పాత వీపీఎన్‌సీ-స్క్రిప్ట్ నేరుగా రిసాల్వ్ డాట్ కాన్ఫ్ అనే డీఎన్‌ఎస్ అమరిక ఫైలును మార్చడం, ఆ తర్వాత వైఫై వంటి కనెక్షన్లను నడిపే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని తిరగరాయడం నేను చూశాను. కాసేపు అంతా పనిచేసి, వైఫై ఒకసారి తెగి కలవగానే పేర్లన్నీ మాయమవుతాయి. స్క్రిప్ట్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడమే అసలైన పరిష్కారం. ఈలోగా, రిసాల్వ్‌సీటీఎల్‌తోనే టన్0కు ఆఫీసు డీఎన్‌ఎస్ ఐపీని ఇచ్చి, కంపెనీ డొమైన్ పేరుకు ముందు టిల్డ (~) గుర్తు పెట్టి చేర్చితే, ఆ డొమైన్ ప్రశ్నలు టనెల్ గుండా వెళ్తాయి.

పేర్లు దొరికాక కూడా, దూరపు సర్వర్‌లో పనిచేయించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అయి, పెద్ద ఫైలు చూపించగానే బిగుసుకుపోతే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్‌కు గరిష్ఠ పరిమాణం) తగ్గించి చూడండి. అది డీఎన్‌ఎస్‌తో సంబంధం లేని జబ్బు.

మీరు ఓపెన్‌కనెక్ట్‌ను నడిపే ఆదేశంలో పాస్‌వర్డ్‌ను నేరుగా రాసి, మొత్తాన్ని సూడోతో (అడ్మిన్ హక్కులతో) నడుపుతున్నారు. టైప్ చేసిన ఆదేశాలు దాచే షెల్ హిస్టరీలో పాస్‌వర్డ్ మిగలడం మంచిది కాదు. ‘అథెంటికేట్’ ఆప్షన్‌తో మామూలు యూజర్‌గా లాగిన్ అయితే అది కుకీని (లాగిన్ అయినట్టు చూపే తాత్కాలిక గుర్తును), గేట్‌వేను గుర్తుపట్టే సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్‌ను ఇస్తుంది. ఆ రెండింటితో టనెల్ తెరిచే పనికి మాత్రమే రూట్ (అడ్మిన్) హక్కులు వాడితే సరిపోతుంది.

ఆపేటప్పుడు కంట్రోల్-సీ నొక్కండి. అప్పుడు గేట్‌వేలో సెషన్ ముగిసి, స్క్రిప్ట్ తాను మార్చినవన్నీ వెనక్కి తీసుకుంటుంది. ‘కిల్ మైనస్ 9’తో చంపితే ఆ అవకాశమే ఉండదు, పాత డీఎన్‌ఎస్ అమరిక అలాగే మిగిలిపోయి బయటి సైట్లు కూడా ఆగిపోవచ్చు.