అమ్మ బదులు నేను సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. కొత్త మందును రోగుల మీద పరీక్షించే మూడో దశ ట్రయల్‌లో చేరమని హైదరాబాద్‌లో డాక్టరుగారు అంటున్నారు. ఎవరికి ఏ మందో కంప్యూటరే తేలుస్తుందట. ఉత్తుత్తి మందు వస్తే ఎలా? అమ్మకు గడ్డ అనే చెప్పాం, క్యాన్సర్ అనలేదు. సంతకం నేను పెడితే చాలదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చాలదు. మీ అమ్మగారు తెలివిలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగినంత కాలం ఒప్పుకోవాల్సింది ఆవిడే. చదువు రాకపోతే, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట పత్రం చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటారు. ఆ పత్రంలో క్యాన్సర్ మాట రాకుండా ఉండదు. కాబట్టి ముందు జబ్బు సంగతి చెప్పండి. మీ నోట రాకపోతే డాక్టరుగారి చేత చెప్పించండి. కీమో వార్డులో నాలుగు గంటలు కూర్చున్న మనిషికి అసలేమీ తెలియదనుకోవడం మన భ్రమే.

ఇక ఉత్తుత్తి మందు. క్యాన్సర్ ట్రయల్స్‌లో మూడో దశలో సాధారణంగా వాడుకలో ఉన్న చికిత్సతో కొత్తదాన్ని పోల్చి చూస్తారు. ప్లాసిబో (ఉత్తుత్తి మందు) ఉన్నా ఎక్కువగా ఆ చికిత్సకు తోడుగానే ఇస్తారు. మీ ట్రయల్ సంగతి తేల్చుకోవడానికి ఇలా అడగండి: "చేరకపోతే అమ్మకు ఏం రాస్తారు? అది రెండు గ్రూపులకూ అందుతుందా?" ఎవరు ఏ గ్రూపో కంప్యూటర్‌కు వదిలేది డాక్టరు ఇష్టం పోలికను చెడగొట్టకుండా. కొత్త మందు వచ్చిన గ్రూపే అదృష్టవంతులని మాత్రం అనుకోకండి. అది మేలో కాదో తెలియకే ఇంత తతంగం.

పత్రం తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకోండి. ట్రయల్ మందు ఉచితమే అన్నా స్కాన్లు, మిగతా కీమో, దారి ఖర్చులు ఎవరివో అందులో వెతకండి. సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ జాబితా) రిజిస్ట్రేషన్ నంబరు, రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు కూడా రాసి పెట్టుకోండి. కొత్త మందులు, ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మామూలు చికిత్స ఆగదు.

చేరాక డాక్టరుకు చెప్పకుండా వాడే పసరు మందుల వల్ల చిక్కులు రావచ్చు. కాలేయం పరీక్షలో తేడా వస్తే అది దేని వల్లో తెలియక ట్రయల్ మందు ఆపేయాల్సి రావచ్చు. జ్వరం 100.4 దాటితే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోవద్దు. అర్ధరాత్రయినా ట్రయల్ కార్డు మీది నంబరుకు ఫోన్ చేయండి. వేరే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ కార్డు అక్కడ చూపించండి.