అటక మీద దొరికిన డైనోసార్ బొమ్మను రెండున్నర వేలకు అమ్మేయొచ్చా?

కడప నుంచి మీరు అడిగింది ఇదీ: మీ చిన్నాన్న 1990ల్లో కువైట్ నుంచి తెచ్చిన పెద్ద డైనోసార్ బొమ్మ అటక సర్దుతుంటే బయటపడింది. తొడ మీద జేపీ (జురాసిక్ పార్క్‌కు పొట్టి పేరు) అని ముద్ర ఉంది. హైదరాబాద్‌లో ఒకాయన ఫొటో చూసి రెండున్నర వేలు ఇస్తానన్నాడు. ఇచ్చేయాలా, ఆగాలా?

ముందు ఆగండి. మీరు పెట్టిన ఫొటోలో బొమ్మ మొహం, పళ్లు చక్కగా కనబడుతున్నాయి. కొనేవాడు చూసేది మాత్రం అరికాళ్లు, పొట్ట కింద, తోక మొదలు. ఈ సంగతి నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

మాది కర్నూలు పాతబస్తీ. నా దగ్గరున్నదీ దాదాపు మీ దానిలాంటి బొమ్మే, మా మేనమామ బొంబాయి నుంచి తెచ్చాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా ఇంటి కింది వాటా మొత్తం మునిగింది. నీళ్లు తీశాక ఒండ్రు పారతో ఎత్తిపోస్తుంటే బీరువా వెనకాల దొరికింది. అట్టపెట్టె ముద్దయిపోయింది. బొమ్మను తొట్టిలో వేసి కడిగాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. గోళ్ల రంగు పోయిందని హార్డ్‌వేర్ షాపులో ఎనామిల్ పెయింట్ చిన్న డబ్బా తెచ్చి నల్లగా దిద్దాను. కింది దవడ వదులైందని గమ్ వేసి బిగించాను. ఇంట్లో అందరూ కొత్తదానిలా ఉందన్నారు.

పదేళ్ల తర్వాత బెంగళూరు నుంచి పాత బొమ్మలు సేకరించే ఒకాయన పని మీద కర్నూలు వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. బొమ్మను చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాడు. తలకిందులు చేశాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి గోళ్లను ఒక్కొక్కటే చూశాడు. దవడ కదిపి, కదలక, నా మొహం చూశాడు. బొమ్మను ఊపితే కాలి అతుకులోంచి సన్నటి ఎర్రమట్టి టేబుల్ మీద రాలింది. "కాళ్లు బాగున్నాయి సార్, నా దగ్గరున్న ఇంకోదానికి కాలు విరిగింది, స్పేర్ కింద ఎనిమిది వందలిస్తా" అన్నాడు. నేను ఇవ్వలేదు. కానీ ఆ అరగంటలో నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నా.

మొదటి పని, అది ఏ బొమ్మో తేల్చుకోవడం. జురాసిక్ పార్క్ సినిమా వచ్చిన 1993లో అమెరికాలో కెన్నర్ కంపెనీ ఈ బొమ్మలు తీసింది. డైనోసార్ల కాలి మీద జేపీ అక్షరాలు, ఒక అంకె వేశారు. కెన్నర్ అప్పటికే, 1991లోనే, హాస్బ్రో అనే బొమ్మల కంపెనీ చేతికి వెళ్లింది. 2018 నుంచి ఈ బొమ్మలు చేస్తున్నది మాటెల్ అనే మరో కంపెనీ. కాబట్టి జేపీ ముద్ర ఒక్కటే చూసి పాతదని అనుకోవద్దు. పొట్ట కింద గానీ, కాలి లోపలి వైపు గానీ సన్నటి అక్షరాల్లో కంపెనీ పేరు, సంవత్సరం, తయారైన దేశం ఉంటాయి. టార్చిని పక్కవాటుగా వేస్తే చదవొచ్చు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఆ సంవత్సరం బొమ్మను పోతపోసే అచ్చుకు సంబంధించిన కాపీరైట్‌ది, మీ బొమ్మ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన ఏడాది కాదు. అదే అచ్చును తర్వాత వేరే రంగులతో మళ్లీ వాడిన బొమ్మలు ఉన్నాయి. అందుకే ముద్రతో పాటు రంగు, చారలు కూడా పాత ప్యాకింగ్ ఫొటోలతో పోల్చి చూడాలి. ఆ అక్షరాలే లేకపోయినా, ఉండి కూడా అలుక్కుపోయినట్టున్నా నకలు అయ్యే అవకాశం ఎక్కువ.

రెండోది ముక్కలు. ఆ సిరీస్‌లో చాలావాటికి ఒంటి మీద ఊడదీసి మళ్లీ పెట్టుకునే గాయం ముక్క ఉండేది. తీస్తే లోపల పక్కటెముకలు, మాంసం ఎర్రగా కనబడేవి. పిల్లలు మొదట పారేసుకునేది అదే, అసలు ధర ఉన్నదీ అందులోనే. మీ ఫొటోలో పక్కటెముకల దగ్గర ఎర్రటి గుంట ఉన్నట్టుంది. ఆ ముక్క మీ అటక మీదే ఎక్కడో ఉండాలి. బొమ్మ దొరికిన పెట్టె అడుగున, పాత పుస్తకాల మధ్య, స్టీలు గిన్నెల్లో కూడా వెతకండి. అది దొరికితే ఆ హైదరాబాద్ ఆయన రెండున్నర వేల మాట అక్కడే మారిపోతుంది.

ఆ తర్వాత ఒళ్లు. మన రాయలసీమలో పాత బొమ్మలకు అసలు శత్రువు ఎండే. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, ఇక మెత్తటి పీవీసీ ఎంత? బండల మిద్దె కింద అటకంటే మే నెలలో పొయ్యి పక్కన పెట్టినట్టే. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపిన రసాయనం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఉబికి, బొమ్మ చేతికి జిగటగా తగులుతుంది. మీ బొమ్మను బొటనవేలితో నొక్కి వదలండి. వేలు అంటుకుంటే అదే. స్పిరిట్, పెట్రోలు, గోళ్లరంగు తీసే మందు జోలికి పోకండి, జిగటతో పాటు రంగూ పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి, గుడ్డ తడిపి పిండి తుడవండి, నీడన ఆరబెట్టండి. లోపల శబ్దం చేసే మిషను ఉంటే నీళ్లలో మాత్రం ముంచకండి. నేను ముంచాను, అప్పటి నుంచి మాది మూగది.

పెద్ద బొమ్మల్లో కొన్నింటికి పైన రబ్బరు తోలు ఉంటుంది. చంకల్లో, మెడ మడతల్లో సన్నటి పగుళ్లున్నాయేమో చూడండి. పగులు ఉంటే అక్కడ వంచకండి, ఒకసారి చిరిగితే పనైపోయినట్టే. సెల్లుల మూత నెమ్మదిగా తీయండి. పాత సెల్లు కారి పచ్చగా చిలుము పట్టి ఉంటే దూది పుల్లకు కొద్దిగా వెనిగర్ అద్ది రుద్ది, బాగా ఆరాకే కొత్త సెల్లు వేయండి. అరిస్తే ఆ వీడియో తీసి పెట్టుకోండి, అమ్మకానికి పనికొస్తుంది.

రంగు అరుగుదలకు ముక్కు కొన, కాలి వేళ్లు, తోక చివర చూడండి. ఆడుకున్న బొమ్మకు అక్కడ రంగు పోవడం మామూలే, అది పెద్ద లోపం కాదు. దిద్దినదే లోపం. నా నల్లగోళ్లలాగా.

ఇక సైన్స్ గొడవ. ఒక మిత్రుడు మీ ప్రశ్న కింద, చేతులు తప్పుగా ఉన్నాయి కాబట్టి దీనికి విలువ లేదని రాశాడు. మాట నిజమే, టి.రెక్స్ అనే పెద్ద డైనోసార్ అరచేతులు నేలవైపు కాదు, ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. వెలోసిరాప్టర్ అనే ఇంకో డైనోసార్‌కైతే ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కున్న గుర్తులు ఉన్నాయని 2007లో తేలింది, పైగా అది టర్కీ కోడి అంత జంతువు. కానీ ఇవన్నీ అసలు జంతువుల నమూనాలు చేసే పాపో, సఫారీ లాంటి కంపెనీల మోడళ్లు కొనేటప్పుడు చూడాల్సినవి. 1993 బొమ్మను కొనేవాడు సినిమా జ్ఞాపకాన్ని కొంటున్నాడు. (మీ పాప మన ఊళ్లో డైనోసార్లు ఉండేవా అని అడిగిందన్నారు కదా. మన కడప రాళ్లు డైనోసార్ల కంటే చాలా పాతవి, వాటిలో దొరకవు. తెలుగునేల మీద దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది, ఒకసారి తీసుకెళ్లి చూపించండి.)

ధర దగ్గర ఒక్కటే జాగ్రత్త. ఆన్‌లైన్‌లో అడుగుతున్న ధరలు చూడకండి, అమ్ముడైపోయిన వాటి ధరలే చూడండి. ఒకతను పెట్టిన ఇరవై వేలకు అర్థం లేదు, ఎవడూ కొనకపోతే. విదేశీ ధరలు చూసి నోరెళ్లబెట్టకండి కూడా. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. ఇక్కడ బొమ్మలు సేకరించేవాడు బయటి నుంచి తెప్పించుకుంటే సుంకం, కొరియర్ కలిసి తడిసి మోపెడవుతుంది. అంటే మన దేశంలోనే ఉన్న మీ బొమ్మ అతనికి కలిసొచ్చేదే. బేరంలో ఈ మాట మీరు గుర్తుంచుకోండి, ఆయన గుర్తు చేయడు.

గాయం ముక్క దొరికి, జిగట లేకుండా, ముద్ర స్పష్టంగా ఉంటే రెండున్నర వేలకు నేనైతే ఇవ్వను. ముక్క లేక, అరుపు లేక, తోలు పగిలి ఉంటే ఆ డబ్బు తీసుకోండి, మంచి బేరమే. అరికాళ్లు, పొట్ట కింది అక్షరాలు, సెల్లుల గది, ఈ మూడు ఫొటోలు పగటి వెలుతురులో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.