పారాచూట్ తాళ్లు పట్టుకున్నవాళ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. రెండో ప్రపంచయుద్ధంలో రాత్రివేళ జర్మనీ మీదికి వెళ్లిన బ్రిటిష్ బాంబర్ సిబ్బంది గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. ‘ఇది మన కథ కాదు కదా, రాయవచ్చా?’ అని ఉత్తరం చివర అడిగావు. రాయవచ్చమ్మా. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్ విమానాల్లో కొన్ని 110వ స్క్వాడ్రన్ అనే బ్రిటిష్ విమానదళానివి. ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో దాని విమానాలు నిజాం ఇచ్చిన కానుక. అయితే ఈ చుట్టరికం చూసుకుని కథలోకి చార్మినార్‌ను లాక్కురావద్దు. నీ కుర్రాళ్లు ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ చలిలో ఉన్నారు. వాళ్లను అక్కడే ఉండనివ్వు.

ఇక నాకు నచ్చనిది చెబుతాను. మొదటి పేజీలోనే ‘సింహంలా గర్జించి’, ‘మృత్యువుకు ఎదురేగి’, ‘ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి’ అని రాశావు. ఆ మూడూ కొట్టెయ్. వాళ్లకు ప్రాణం తృణప్రాయం కానే కాదు. చాలామందికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. విమానం ఎక్కబోయే ముందు తోకచక్రం మీద మూత్రం పోస్తే క్షేమంగా తిరిగి వస్తామని నమ్మినవాళ్లున్నారు. ఎవరో ఇచ్చిన బొమ్మనో, మఫ్లర్‌నో వెంట లేకుండా కదలనివాళ్లున్నారు. బతకాలని అంతగా కోరుకున్నవాళ్లు లారీ ఎక్కి ఆ విమానం దగ్గరికి మళ్లీ వెళ్లారు. నీ కథ ఆ ‘మళ్లీ’లో ఉంది.

అందుకే మొదటి దాడి రాత్రి గురించి రాయవద్దంటాను. మొదటిసారి వెళ్లేవాడికి ఏం చూడబోతున్నాడో తెలియదు. పన్నెండోసారి వెళ్లేవాడికి తెలుసు. ముప్పై దాడులు పూర్తి చేస్తేగాని విశ్రాంతి లేదు. ఆ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ దళంలో సుమారు 1,25,000 మంది వెళితే 55,573 మంది చనిపోయారు. ఈ లెక్క అప్పుడు వాళ్ల చేతిలో లేదు. కానీ మెస్సులో నిన్న ఎదురుగా కూర్చుని తిన్నవాడు ఇవాళ లేడు. పక్క మంచం మీది సామాను ఎవరో మూటకట్టి తీసుకుపోయారు. అది చాలు, లెక్క తెలియడానికి. అందరూ స్వచ్ఛందంగా ఈ పనికి వచ్చినవాళ్లే. ఇక వెళ్లలేనని ఒకడు అంటే అతని కాగితాల మీద ‘నైతిక స్థైర్యం లేనివాడు’ అనే ముద్ర పడేది. ఇరవై దాడులు చేసి ఆగిపోయినవాడిని పిరికివాడిగా రాయడం నాకు చేతకాదు. నీ కథలో అలాంటివాడు ఒకడున్నాడు, అతన్ని నవ్వులపాలు చేశావు. ఆ పేజీ తిరిగి రాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నార్మన్ జాక్సన్ పేరు నీ కథలో ఒక్క వాక్యంలో వచ్చిపోయింది. అతని దగ్గర ఆగు. 106వ స్క్వాడ్రన్‌లో ఫ్లైట్ ఇంజనీర్, అంటే విమానంలో ఇంజన్లు, ఇంధనం చూసుకునేవాడు. 1944 ఏప్రిల్ 26 రాత్రి జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ మీద బాంబులు వేసి మళ్లుతుండగా వాళ్ల లాంకాస్టర్ బాంబర్‌ను శత్రువిమానం కాల్చింది. కుడి రెక్కలో పెట్రోలు ట్యాంకు పక్కన మంట లేచింది. ఇరవై వేల అడుగుల ఎత్తు. జాక్సన్ మంటలార్పే సిలిండర్‌ను జాకెట్‌లో దోపుకుని, పైలట్ తలమీది కిటికీ గుండా బయటికి పాకాడు. బయటికి వెళుతుండగానే పారాచూట్ విప్పుకుని కాక్‌పిట్ నిండా పరచుకుంది. అయినా వెనక్కి రాలేదు. లోపల పైలట్, నావిగేటర్, బాంబు వేసేవాడు ఆ గుడ్డను పోగుచేసి, తాళ్లు పట్టుకుని, అతను కదులుతున్నకొద్దీ వదులుతూ వచ్చారు. జారి రెక్క మీద పడ్డాడు. సిలిండర్ చేజారింది. ముఖం, చేతులు కాలాయి. చివరికి సగం కాలిన పారాచూట్‌తో కిందపడ్డాడు. చీలమండ విరిగింది. తెల్లవారాక మోచేతుల మీద, మోకాళ్ల మీద పాకుతూ ఒక ఊరు చేరాడు. పైలట్, విమానం తోకలో తుపాకులతో కూర్చునే తోక గన్నర్ ఆ రాత్రే చనిపోయారు.

జాక్సన్ గురించే ఎవరైనా రాస్తారు. నువ్వు తాళ్లు పట్టుకున్నవాళ్ల గురించి రాయి. కాలిపోతున్న విమానంలో తాము దూకాల్సిన క్షణాలు కరిగిపోతుంటే, ఇంకొకడి బరువు తెలుస్తున్న తాడును వదలని చేతులవి. ఆ తాడు ఎంత గట్టిగా లాగి ఉంటుంది? గ్లవ్స్‌లో వేళ్లకు ఏం తెలిసి ఉంటుంది? ఇంకో సంగతి. ఆ రాత్రి జరిగింది లోకానికి తెలిసింది జర్మనీలో బందీలుగా ఉండి యుద్ధం ముగిశాక ఇంటికి చేరిన అతని తోటివాళ్ల వల్లే. ఆ తరువాతే జాక్సన్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది.

కెనడా వాయుసేనలో ఆండ్రూ మైనార్స్కీ కథా అలాంటిదే. 1944 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని కాంబ్రే మీద. తోక గన్నర్ పాట్ బ్రోఫీ తన గదిలో ఇరుక్కుపోతే, దూకబోతున్న మైనార్స్కీ మంటల్లోంచి వెనక్కి పాకి, గొడ్డలితో కొట్టి, చేతులతో లాగి చూశాడు. తెరుచుకోలేదు. వెళ్లిపొమ్మని బ్రోఫీయే సైగ చేశాడు. మైనార్స్కీ బట్టలు అంటుకున్న స్థితిలో నిలబడి అతనికి సెల్యూట్ చేసి దూకాడు, కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం కూలినప్పుడు విసిరివేతకు గురై బతికి బయటపడ్డ బ్రోఫీ చెప్పబట్టే మనకిది తెలుసు.

ఒక్కరూ మిగలని విమానాల సంగతి ఏమిటి? 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్‌కు 795 విమానాలు బయలుదేరితే 95 తిరిగి రాలేదు. వాటిలో ఎన్ని తాళ్లు, ఎన్ని గొడ్డళ్లు? అవి నువ్వు కల్పించవద్దు. వాళ్ల పని రాయి. కొత్తవాళ్లను ఒక హ్యాంగర్‌లోకి తోలి, మీలో మీరే జట్టు కట్టుకోండని వదిలేసేవారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు అలా ఒక్కటయ్యేవారు. తోక గన్నర్ ఎనిమిది, తొమ్మిది గంటలు చీకట్లోకి చూస్తూ ఒంటరిగా కూర్చునేవాడు. ఆ గదిలో చోటు లేక అతని పారాచూట్ తలుపు వెనక వేలాడేది. ఈ పనంతా సరిగ్గా రాస్తే ‘ధీరోదాత్తుడు’ అనే మాటతో నీకు అవసరం రాదు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1943 జులై చివర్లో హాంబర్గ్‌లో బాంబులు రేపిన అగ్నితుపానులో వేలమంది, పసిపిల్లలతో సహా, నేలమాళిగల్లోనే ఊపిరాడక పోయారు. ఇది నీ కథలో ఎక్కడా లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మ పొయ్యి మీది అన్నం కుండ అలాగే వదిలి పిల్లలతో ఊరు దాటింది. విమానం చప్పుడు వింటే ముసలితనంలోనూ ఆమె చేతిలో పని ఆగిపోయేది. నేను ఈ కుర్రాళ్లను ప్రేమిస్తూనే ఆమెను మరచిపోలేను. లండన్ గ్రీన్ పార్క్‌లో 2012లో వెలిసిన ఈ బాంబర్ సిబ్బంది స్మారకంలో ఏడుగురి కంచు విగ్రహాలున్నాయి. ఆ బాంబుదాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవారినీ స్మరిస్తూ అక్కడే ఒక వాక్యం చెక్కారు. నీ కథలోనూ ఆ వాక్యానికి చోటుండాలి. వాదనగా వద్దు. బాంబు వేసేవాడు బోర్లా పడుకుని కిందికి చూస్తున్నాడని రాశావు కదా, అతనికి ఏం కనిపించిందో రాయి.

మూడో పేజీలో జట్టు మొత్తం లారీ ఎక్కే చోట నావిగేటర్ పెన్సిల్ చెక్కుకుంటున్నాడని రాశావు. కథంతటిలో నేను నమ్మిన వాక్యం అదొక్కటే. అక్కడి నుంచి మొదలుపెట్టి కొత్తగా రాసి పంపు. సంక్రాంతి లోపు వస్తే ఊళ్లోనే ఉంటాను, తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో.