విదేశీ రౌటర్ల నిషేధంపై చర్చ – మన ఇంటి రౌటర్ సంగతి

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం డాలస్‌లో ఉంటోంది. వాళ్లింట్లో ఉన్న టీపీ-లింక్ రౌటర్‌ను, భద్రతా కారణాలతో ఆ కంపెనీపై అమెరికాలో నిషేధం రావచ్చన్న వార్తలు చూసి, తీసేయాలా అని అడుగుతోంది. ఇక్కడ మాకూ అదే ఉంది. నిజంగా ప్రమాదమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మాయి ఆందోళనకు ఆధారం ఉంది. అయితే రౌటర్ ఏ దేశపు కంపెనీదో అడగడానికి ముందు, దాని భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా అని అడగాలని నా గట్టి అభిప్రాయం.

అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2021 మార్చిలో హువావే, జెడ్‌టీఈ సహా ఐదు చైనా కంపెనీలను దేశ భద్రతకు ముప్పుగా పేర్కొని, 2022 నవంబరులో వాటి కొత్త పరికరాలకు అనుమతులను అడ్డుకుంది. చైనాలో మొదలైన టీపీ-లింక్‌పై అమెరికా వాణిజ్య, రక్షణ, న్యాయ శాఖలు విచారిస్తున్నట్టు 2024 డిసెంబరులో వార్తలు వచ్చాయి. తాము చైనా సంస్థ నుంచి విడిపోయామని, తమ ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలో ఉందని ఆ కంపెనీ చెబుతోంది. ఈ అనుమానం ఊరికే పుట్టింది కాదు. చైనా కంపెనీలు తమ దేశ గూఢచార సంస్థలకు సహకరించాలని అక్కడి 2017 నాటి చట్టం చెబుతోంది. తమ ఉత్పత్తుల్లో భద్రతా లోపం తెలిసిన 48 గంటల్లో చైనా ప్రభుత్వానికి నివేదించాలన్న నిబంధన 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అంటే ఆ లోపాన్ని సరిచేసే లోపే దాని వివరాలు ప్రభుత్వం చేతికి అందే వీలుంది.

ఇక జరిగిన దాడులు చూడండి. చైనా ప్రభుత్వ మద్దతుందని చెబుతున్న వోల్ట్ టైఫూన్ అనే హ్యాకర్ల ముఠా వాడుకున్న వందలాది రౌటర్ల నుంచి, కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ దొంగ ప్రోగ్రామును తొలగించిందని 2024 జనవరిలో అమెరికా న్యాయశాఖ ప్రకటించింది. వాటిలో అత్యధికం సిస్కో, నెట్‌గేర్ రౌటర్లు. రెండూ అమెరికా కంపెనీలే! కంపెనీలు అప్‌డేట్లు ఆపేసినా జనం వాడుతూనే ఉన్న పాత మోడళ్లవి. అదే ఏడాది అక్టోబరులో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన మరో ముఠా వలలో మాత్రం ఎక్కువ భాగం టీపీ-లింక్ రౌటర్లే. ఇలాంటి వారికి మీ ఇంటి ఫొటోలతో పని లేదు; విద్యుత్తు, నీటి సరఫరా వంటి సంస్థలపైకి వెళ్లేటప్పుడు, ఆ రాకపోకలు ఒక మామూలు కుటుంబం ఇంటర్నెట్ నుంచే వస్తున్నట్టు కనిపించడానికి మీ రౌటర్ వారికి ముసుగుగా పనికివస్తుంది. అందుకే ఇంట్లో ఏ తేడా తెలియకుండానే నెలల తరబడి ఇది సాగిపోగలదు.

మన దేశంలో 2021 జూన్ 15 నుంచి టెలికాం సంస్థలు తమ నెట్‌వర్క్‌లకు నమ్మకమైన మూలాల నుంచే పరికరాలు కొనాలన్న ఆదేశం ఉంది. అది అవసరమే. కాని ఇళ్లలోని రౌటర్లకు నాకు ఎక్కువ నచ్చింది 2024 ఏప్రిల్ 29న బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన చట్టం. అన్ని పరికరాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని అది నిషేధించింది. భద్రతా అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో కంపెనీ ముందే ప్రకటించి తీరాలంది. ఆ తేదీ తెలియకుండా రౌటర్ కొనవలసిన పరిస్థితి మన వినియోగదారుకు ఉండకూడదు.

మీరూ మీ అమ్మాయీ రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్‌పై మోడల్, వెర్షన్ చూసి, కంపెనీ వెబ్‌సైట్‌లో దానికి అప్‌డేట్లు వస్తున్నాయో లేదో సరిచూడండి. వస్తుంటే తాజాది వేసి, వైఫై పాస్‌వర్డ్‌తో పాటు రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ మార్చి, బయటి నుంచి రౌటర్‌ను నియంత్రించే రిమోట్ మేనేజ్‌మెంట్‌ను ఆపేయండి. అప్‌డేట్లు ఆగిపోయి ఉంటే, రౌటర్ ఏ దేశపు కంపెనీదైనా మార్చేయండి.

ప్రశ్న: రౌటర్‌ను అప్పుడప్పుడు ఆపి మళ్లీ వేస్తే వైరస్ పోతుందంటారు. అది చాలదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: చాలదు. పైన చెప్పిన వోల్ట్ టైఫూన్ ప్రోగ్రాము రీస్టార్ట్‌తో పోయేదే. కాని అది చొరబడిన లోపం అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ సోకే అవకాశం ఉందని అమెరికా న్యాయశాఖే హెచ్చరించింది.